జత చీటీ

పోయిన వారం ఫోను కింద పెట్టిన దగ్గర ఆపాను. ఈ వారమే పత్రిక చేతికొచ్చిన వాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. అంతకన్నా ఎక్కువ తలుచుకునే ఓపిక నాకూ లేదు.

నేను అధికార పార్టీ చీఫ్ విప్‌ని. ఓటింగు రోజున మా సభ్యుల్ని క్యాంటీన్లలోంచీ, క్షవరం కుర్చీల్లోంచీ, పెళ్లి విందుల్లోంచీ లాక్కొచ్చి సభలో కూర్చోబెట్టడం, తలలు లెక్కపెట్టడం నా పని. ఎవరి పళ్ల డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడో వాళ్ల భార్యలకన్నా ముందు నాకు తెలుస్తుంది. ఎదురుగా అందరూ మేడమ్ అంటారు, వెనకాల తలకాయలమ్మ అంటారు. రెండూ నాకు వినబడతాయి.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి దుమ్ము బిల్లు మీద ఓటింగు. నూలు మిల్లుల్లో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన వాళ్లకి బతికినన్నాళ్లూ వైద్యం యజమానులే చేయించాలన్నది ఆ బిల్లు. పదకొండేళ్లుగా దాని వెంట పడిన మనిషి మా మేనమామ. పద్నాలుగో ఏట మిల్లులో చేరి, ఆ దుమ్మే తిని, యూనియన్ నాయకుడై, ఈ సభకి ఐదుసార్లు గెలిచి వచ్చాడు. యూనియన్ ఆఫీసులో ఫోన్లెత్తుకునే నన్ను చెయ్యి పట్టుకుని ఇక్కడిదాకా తెచ్చింది ఆయనే. అదే దుమ్ము పుణ్యమా అని ఆస్పత్రిలో పడి పద్దెనిమిది రోజులైంది. ఆ రోజు పొద్దున తొమ్మిదింపావుకి అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య వెళ్లిపోయాడే" అంది.

అత్తయ్యకి చెవుడు. ఫోను స్పీకర్లో పెట్టుకుని, ఊరందరికీ వినబడేలా మాట్లాడుతుంది. నేనూ అరిచే చెప్పాలి. ఆవిడ ఆ మాట అనగానే నా నోట్లోంచి ఏం రావాలి? ఏడుపు రావాలి. కనీసం అయ్యో అన్న మాటైనా రావాలి. నాకొచ్చింది ఇది: "ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికి చెప్తాను, ముందు నీకే చేశాను" అంది.

"సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకు. అమ్మకి కూడా. సరేనా?"

"సరేలే" అంది. నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి పక్క మంచం మీద చల్లబడి ఉంటే, మేనకోడలు చెప్పిన మాటకి సరేలే అంది. నేను ఫోను కింద పెట్టాను. పోయిన వారం ఆగింది ఇక్కడే.

ఎందుకు చెప్పొద్దన్నానో అర్థం కావాలంటే జత సంగతి చెప్పాలి.

మావయ్యతో కలిపి మా పక్షానికి సభలో ఒక్క ఓటు ఎక్కువ. ఆయన మంచాన పడితే రెండు వైపులా సమానం. సమానమైతే బిల్లు వీగిపోయినట్టే. అలాంటప్పుడు ఆదుకునేది జత. మాలో ఒకరు జబ్బున పడి రాలేకపోతే, ఎదుటి పక్షం కూడా తమలో ఒకర్ని ఓటు వేయకుండా ఆపుతుంది. రోగిని అడ్డం పెట్టుకుని గెలవకూడదన్న పాత మర్యాద అది. ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదు. ఒక చీటీ మీద రెండు పేర్లు రాసి, ఇద్దరు విప్‌లూ సంతకాలు చేసి, మధ్యకు చింపుతాం. వాళ్ల మనిషి పేరున్న సగం మా దగ్గర, మా మనిషి పేరున్న సగం వాళ్ల దగ్గర ఉంటుంది. మావయ్యకి జతగా వాళ్లు ఒక డాక్టరమ్మనిచ్చారు. రాజకీయాల్లోకి రాకముందు ఊపిరితిత్తుల వైద్యం చేసేదట. ఆవిడ పేరున్న సగం చీటీ నా కళ్లజోడు పెట్టెలో ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే. మనిషి పోతే జత పోతుంది. ఆ మర్యాద రోగికే తప్ప లేని మనిషికి కాదు. ఆ కబురు కూడా పోయిన మనిషి పక్షం విప్ స్వయంగా వెళ్లి ఎదుటి విప్‌కి చెప్పాలి. వాళ్లంతట వాళ్లు ఎత్తకూడదు. మీవాడు పోయాడటగా, మా ఓటు మాకిచ్చెయ్యండి అని అడగడం కన్నా నీచం లేదని పాతవాళ్లు అనుకున్నారు. కాబట్టి ఆ పొద్దున నేను లేచి, వరండా దాటి, ఎదుటి విప్ గది తలుపు కొట్టాలి. కొడితే డాక్టరమ్మ వచ్చి ఓటేస్తుంది, మావయ్య బిల్లు మావయ్యతోపాటే పోతుంది.

నేను వరండాలోకి వెళ్లాను గానీ అటు వెళ్లలేదు. మా సభా నాయకుడి గదికి వెళ్లాను.

సభా నాయకుణ్ణి మేమంతా లాయరు గారంటాం. ముప్ఫై ఏళ్లు కోర్టుల్లో వాదించి వచ్చాడు. నేను చెప్పింది విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట దాచను. తర్వాత కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"అత్తయ్యకి, నాకు. ఆస్పత్రి వాళ్లకి."

"ఆస్పత్రి సంగతి నేను చూసుకుంటాను. పెద్ద డాక్టరు మనవాడే. నాలుగింటికి ప్రకటన ఇస్తాం. ఈ ఆరేడు గంటల్లో కొంపలేం మునగవు."

"మాస్టారుకి చెప్పాలి సార్. చెప్పాల్సింది నేను."

మాస్టారంటే ఎదుటి పక్షం విప్. పిల్లలకి లెక్కలు చెప్పుకునే బతుకులోంచి వచ్చాడు.

"చెప్పు. చెప్పేసి, సాయంత్రం మిల్లు గేటు దగ్గరికెళ్లి ఆ దగ్గుతున్న వాళ్లకి కూడా చెప్పు, మాకు మర్యాద ముఖ్యమని." గొంతు పెంచలేదు. "మీ మావయ్యనే అడిగి చూడు. లేచి కూర్చుని ఏమంటాడో నీకు తెలీదా? నన్ను ఈ మధ్యాహ్నం దాకా బతికించవే అంటాడు."

ఆయన నన్ను ఒప్పించాడని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన వాదన మొదలుపెట్టకముందే, తొమ్మిదింపావుకే, నేను అత్తయ్య నోరు మూయించేశాను. లాయరు గారు నాకు ఇచ్చింది సాకు మాత్రమే. అది దొరికినందుకు లోపల ఎక్కడో ఊరట కలిగింది కూడా. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గదికి తిరిగొచ్చి లెక్క పని మొదలుపెట్టాను. విప్ గదంటే మీరు ఏదో ఊహించుకుంటారేమో. ఒక పొడుగు బల్ల, గోడకి సభ్యుల పేర్ల పట్టిక, ఎర్ర పెన్సిలూ నీలం పెన్సిలూ, పొడుగు సమావేశాల్లో నడుం వాల్చడానికి బీరువాలో రెండు దిళ్లు, తలుపు మీద ఓటింగు గంట. ఆ గంట మోగితే గుండెలదిరిపోతాయని నా సెక్రటరీ దానికి పాత తువ్వాలు చుట్టింది. పట్టికలో మావయ్య పేరు ఎదురుగా జత గుర్తు, చిన్న గీత, ఉంది. పెన్సిలు పట్టుకుని ఆ గీత వైపు చాలాసేపు చూశాను. అలాగే ఉంచాను.

పదకొండున్నరకి అమ్మ ఫోన్ చేసింది.

"తమ్ముడి దుప్పటి ఉతికి ఆరేశానే. ఆ ఆస్పత్రి దుప్పటి గుచ్చుకుంటోందని మొన్న గొణిగాడు. మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తావా?"

"ఇవాళ ఓటింగమ్మా. కుదరదు."

"పోనీ నేనే బస్సెక్కి వెళ్తాను."

"వద్దు. ఎవర్నీ లోపలికి రానివ్వట్లేదు. పడుకున్నాడు. సాయంత్రం నేనే తీసుకెళ్తాను నిన్ను."

"నిద్ర పట్టిందా? హమ్మయ్య. మూడు రోజులైంది పాపం కన్ను మూసి" అంది అమ్మ. "పడుకోనీ. లేపకండి."

ఏదో పనుందని పెట్టేశాను. అమ్మ కన్నా మావయ్య ఎనిమిదేళ్లు చిన్న. వాళ్లమ్మ పోయాక ఈవిడే చంకనేసుకుని పెంచింది. తమ్ముడు పోయిన రెండు గంటలకి ఆవిడ దుప్పటి ఎండిందా లేదా అని చూసుకుంటోంది. చూసుకునేలా చేసింది నేను.

సరిగ్గా పన్నెండింటికి మాస్టారు వచ్చాడు.

ఆయన ఎప్పుడు వచ్చినా తలుపు కొట్టి, రమ్మనేదాకా బయటే నిలబడతాడు. ఆ రోజూ అంతే. వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పదహారేళ్లుగా ఈయనా నేనూ సభలో ఒకరి మీద ఒకరం గెలుస్తూ ఓడుతూ ఉన్నాం. ఒక్కసారి కూడా ఒకరికొకరం అబద్ధం చెప్పుకోలేదు. చెప్పుకుంటే మా పనే సాగదు.

"టీ తాగుతారా మాస్టారూ?"

"వద్దమ్మా. ఒక్క నిమిషమే." కిటికీలోంచి బయటికి చూశాడు. "మీ మావయ్యకి ఎలా ఉంది?"

ఈ ప్రశ్న వస్తుందని పొద్దున్నుంచీ నాకు తెలుసు. జవాబు సిద్ధం చేసుకునే ఉన్నాను.

"అలాగే ఉంది. పడుకున్నాడు" అన్నాను.

ఆయన తల ఊపాడు. లేవలేదు. "మా వాళ్లు పొద్దున్నుంచీ నన్ను పీక్కు తింటున్నారు. ఒక్క ఓటు, ఒక్క ఓటు అని. జత అంటే జతే, డాక్టరమ్మ పేరు చింపి ఇచ్చాను, అయిపోయింది అన్నాను." కర్ర పిడిని బొటనవేలితో రుద్దుతూ, "ఆయన పరిస్థితిలో ఏదైనా మార్పుంటే మీరు చెప్తారు కదమ్మా. నాకా నమ్మకం ఉంది" అన్నాడు.

"చెప్తాను మాస్టారూ."

"ఏ గంటకైనా సరే. ఓటింగుకి అయిదు నిమిషాల ముందైనా."

"చెప్తానన్నాను కదా." నా గొంతు నాకే కటువుగా వినబడింది. తప్పు చేస్తున్న మనిషికి కోపం తొందరగా వస్తుంది. ఆయన ఏమీ అనుకోలేదు. నిదానంగా లేచాడు. ఆ మోకాళ్లతో లేవడం ఆయనకి ఎప్పుడూ ఒక యజ్ఞమే. తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"మీ అమ్మగారికి ఆయనంటే ప్రాణం కదూ?"

"అవును."

"ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఆలస్యం చేయకండి. పెద్దావిడ." కర్రతో నేల మీద చిన్నగా తట్టాడు. "ఇవాళ మీకు తీరిక లేకపోతే ఎవరితోనైనా పంపించండి."

"ఇవాళ అవదు మాస్టారూ. రేపు చూస్తాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. తరగతిలో బోర్డు మీద లెక్క తప్పు చేస్తున్న పిల్లని మాస్టారు చూసే చూపు అది. ఎక్కడ తప్పుతోందో ఆయనకి తెలుసు, ఆ పిల్ల తనే దిద్దుకుంటుందేమోనని ఆగుతాడు. ఆ క్షణంలో నాకది తోచలేదు. మోకాళ్ల నొప్పి కాబోలు అనుకున్నాను.

"సరేనమ్మా. మూడింటికి సభలో కలుద్దాం" అని, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక బీరువా తెరిచి, ఒక దిండు తీసి, మొహం అందులో పెట్టుకుని ఏడ్చాను. మావయ్య కోసమేనా అంటే చెప్పలేను. అయిదు నిమిషాలకి గడియారం చూసుకుని ఆపేశాను. ఏడుపు కూడా లెక్కపెట్టుకుని ఏడ్చే స్థితికి వచ్చానని ఆ రోజే తెలిసింది.

మూడింటికి పది నిమిషాలుందనగా గంట మోగింది. తువ్వాలు చుట్టినా పళ్లు జివ్వుమన్నాయి. వరండాలన్నీ అడుగుల చప్పుడుతో నిండిపోయాయి. నేను సభ తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. చివరి మనిషి నోరు తుడుచుకుంటూ క్యాంటీన్ వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. మా వాళ్లందరూ వచ్చారు. వాళ్ల వైపు కూడా లెక్కపెట్టాను. డాక్టరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది, మావయ్య కుర్చీ ఖాళీగా ఉంది. లెక్క సరిపోయింది. మేం ఒక్క ఓటుతో గెలుస్తున్నాం.

ముందు వరసలో లాయరు గారు వెనక్కి తిరిగి కనుబొమలు ఎగరేశాడు. నేను తల ఊపాను. ఆయన నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

నా స్థానంలో కూర్చోబోతుంటే సభలోని ముసలి అటెండరు వంగి ఒక కాగితం చేతిలో పెట్టాడు. లోపల ఫోన్లు పనిచెయ్యవు కాబట్టి కబుర్లు అలాగే వస్తాయి. నా సెక్రటరీ గుండ్రటి చేతిరాత. కంగారులో అక్షరాలు పక్కకి ఒరిగిపోయాయి.

"మేడమ్, మీ అత్తయ్యగారు ఫోన్ చేశారు. సంగతి చెప్పారు. పొద్దున ఎనిమిది నుంచీ డాక్టరమ్మగారు అక్కడే, ఆయన పక్కనే ఉన్నారట. ఆయన కళ్లు మూసింది ఆవిడేనట. మీకు ఫోన్ చేసినప్పుడు ఆవిడ మంచం పక్కనే నిలబడి ఉన్నారట, మీరు అన్నదంతా విన్నారట. మీరు అడగలేదు కాబట్టి అత్తయ్యగారు చెప్పలేదట. ఇంకొకటి. మీ అమ్మగారు కూడా ఆస్పత్రిలోనే ఉన్నారు. ఒంటిగంటకి మాస్టారుగారు తన కారు మీ ఇంటికి పంపి ఆవిడని అక్కడికి చేర్పించారట. అమ్మగారు మీ మావయ్యగారికి ఇంటి దుప్పటి కప్పారట. మిమ్మల్ని తొందరపెట్టొద్దని, పని అయ్యాకే రమ్మని చెప్పమన్నారు."

రెండుసార్లు చదివాను. ఎవరైనా పోయారని ఫోను వస్తే మనుషులు మొదట అడిగే మాట ఒకటుంది. పక్కన ఎవరున్నారు అని. దారిన పోయే దానయ్యకైనా ఆ మాట నోటికొస్తుంది. నేను ఇంకెవరికి చెప్పావని అడిగాను. ఇన్నేళ్లుగా తలలు లెక్కపెట్టి లెక్కపెట్టి, ఆ ఒక్క తలా లెక్కలో వదిలేశాను.

అయితే పన్నెండింటికి నా గదికి వచ్చేసరికే మాస్టారుకి అంతా తెలుసు, డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. ఎలా ఉందని అడిగినప్పుడూ తెలుసు. మార్పుంటే చెప్పమన్నప్పుడూ తెలుసు. అమ్మని తీసుకెళ్లమన్నప్పుడూ తెలుసు. తనంతట తను ఎత్తకూడదు కాబట్టి, నా చేత చెప్పించడానికి కుంటుకుంటూ వచ్చి, మూడుసార్లు అందించాడు. నేను మూడుసార్లూ అబద్ధం చెప్పాను. అప్పుడిక కిందికి వెళ్లి, మా అమ్మ కోసం కారు పంపించాడు. కూతురు చేయాల్సిన పని ఎదుటి పక్షం విప్ చేశాడు.

తలెత్తి చూడటానికి ధైర్యం చాల్లేదు. అయినా చూశాను. నడవకి అవతల మాస్టారు కర్ర ఒళ్లో పెట్టుకుని సభాధ్యక్షుల వైపే చూస్తున్నాడు. నా వైపు చూడలేదు.

తలుపులు మూశారు. సభ సద్దుమణిగింది. మా సభలో ఓటుకి ముందు ఒక ఆనవాయితీ ఉంది. జత ఉన్న రోజున అధ్యక్షులు ఇద్దరు విప్‌లనూ లేపి, జత మాట ఇంకా నిలిచి ఉందా అని అడుగుతారు. ఇద్దరూ మాట ఉందని అందరూ వినేలా చెప్పాలి. మాట లేదని ఏ ఒక్కరన్నా జత పోయినట్టే, జత కోసం ఆగిపోయిన మనిషి వచ్చి ఓటేసేదాకా ఓటింగు ఆపుతారు. నాకు తెలిసి ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు.

"ఒక జత నమోదై ఉంది" అన్నారు అధ్యక్షులు. "ప్రతిపక్ష విప్ గారూ, జత మాట ఉందా?"

మాస్టారు కర్ర ఊని లేచాడు. ఆయన వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. వాళ్ల నాయకుడు ఆయన కోటు అంచు పట్టుకుని ఏదో అన్నాడు. బహుశా వాళ్లకీ తెలిసిపోయి ఉంటుంది. ఆయన ఒక్క మాట అంటే చాలు. డాక్టరమ్మ ఆస్పత్రి నుంచి రావడానికి పావుగంట పట్టదు. మావయ్య పదకొండేళ్ల కష్టం బూడిదైపోతుంది, దానితోపాటు నా పరువు కూడా.

మాస్టారు జేబులోంచి సగం చీటీ తీశాడు. మావయ్య పేరున్న సగం. దాన్ని ఒకసారి చూసుకుని, కోటు అంచు మీదున్న చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"మాట ఉంది" అన్నాడు.

కూర్చున్నాడు. అప్పుడు చూశాడు నా వైపు. ఆ కళ్లల్లో కోపం ఉంటే బతికిపోయేదాన్ని. కోపం లేదు. ఇక నీ ఇష్టమమ్మా అన్నట్టు ఉంది.

"అధికార పక్ష విప్ గారూ" అన్నారు అధ్యక్షులు.

లేచాను. కళ్లజోడు పెట్టె నా చేతిలోనే ఉంది, మూత తీయడానికి రావడం లేదు. ఎదురుగా ఖాళీ కుర్చీ. ముందు వరసలో లాయరు గారి తల తిరగలేదు గానీ చెవి మాత్రం ఇటే ఉంది. సభంతా నేను చెప్పబోయే రెండు మాటల కోసం ఎదురుచూస్తోంది. అవతల ఒక గదిలో అమ్మ, దుప్పటి అంచులు సర్దుతూ, నా పని అయ్యేదాకా ఆగుతానంటోంది.

"జత మాట ఉందా, లేదా?" రెండోసారి అడిగారు అధ్యక్షులు.

నేను నోరు తెరిచాను.